పిల్లాడి జేబులో పచింకో, నాన్న వెళ్ళే పచింకో: తెలుగులో ఎలా రాయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. 1960ల నాటి నగోయా పేట నేపథ్యంగా ఉన్న ఒక జపనీస్ కథని మీరు తెలుగు చేస్తున్నారు. మొదటి పేజీలో పదేళ్ళ కుర్రాడు జేబులోంచి ‘పచింకో’ తీసి పిచ్చుక మీదికి గురిపెడతాడు. రెండో పేజీలో వాళ్ళ నాన్న ‘పచింకో’కి వెళ్ళి చీకటిపడ్డాక చాక్లెట్ పట్టుకుని ఇంటికొస్తాడు. దార్లో ఏదో చిన్న వస్తువు తీసుకుని సందులో ఉన్న కిటికీ దగ్గర ఆగుతాడు. చివర్లో ఈ రెండు పచింకోలూ ఒకే వాక్యంలో కలుస్తాయి, అక్కడ మీ కలం ఆగిపోయింది. రెండుచోట్లా ‘జూదపు యంత్రం’ అని రాస్తే, పిల్లాడి జేబులో యంత్రం ఎలా పట్టిందని మీ ఇంట్లోవాళ్ళే అడిగారన్నారు.

వాళ్ళు అడిగింది న్యాయమే. పిల్లాడి జేబులో ఉన్నది ఉండేలు. నాన్న వెళ్ళింది ఉక్కు గుండ్లు ఎగరేసే ఆట ఆడటానికి. జపనీస్‌లో రెండింటికీ పేరు పచింకోయే. నేను నగోయా పక్కన ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో 11 ఏళ్ళు దుబాసీగా పనిచేశాను. పచింకో అనే మాట రోజూ చెవిన పడేది, ఎక్కువగా సోమవారం పొద్దున టీ బల్ల దగ్గర. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఈ మాట చప్పుడులోంచి పుట్టింది. ‘పచి’ అంటే గట్టిది గట్టిదానికి తగిలినప్పుడు వచ్చే చిన్న, తేటైన చప్పుడు. పొయ్యిలో కట్టె చిట్లితే పచిపచి. చప్పట్లు కొడితే పచిపచి. పాతకాలం షావుకారు పూసల చట్రం మీద లెక్కలు వేస్తే పచిపచి. కళ్ళు టపటపలాడించినా పచిపచే. మనమైతే నిప్పుకి చిటపట, చప్పట్లకి టపటప, పూసలకి టకటక అని ఒక్కోదానికి ఒక్కో మాట వాడతాం. ఆ చప్పుడు చివర ‘ంకో’ అన్న తోక తగిలిస్తే అది వస్తువు పేరైపోతుంది. ఇదే ఆటని మొదట్లో కొందరు ‘గచంకో’ అనేవాళ్ళు, అదీ చప్పుడే. మీ పిల్లలు ఫోన్ ఆటల్లో ‘గాచా’ అంటుంటారే, నాణెం వేసి పిడి తిప్పితే బొమ్మ రాలిపడే డబ్బాల పేరు నుంచి వచ్చింది. ఆ పిడి తిరిగే చప్పుడే గచ. మనకూ ఇలాంటివి లేకపోలేదు. కీచుమనేది కీచురాయి అయింది. ఫట్‌ఫట్‌మనే మోటార్‌సైకిల్ ఫట్‌ఫటి అయింది.

ఉండేలు రబ్బరు లాగి వదిలితే ‘పచిన్’ అంటుంది. ఆట యంత్రంలో మీట వదిలినా, గుండు మేకుకి తగిలినా ‘పచిన్’ అంటుంది. రెండింటికీ ఒక పేరు ఎలా పడిందో ఇక వేరే చెప్పక్కర్లేదు. జపనీస్ నిఘంటువులు మూడో అర్థం కూడా ఇస్తాయి: మోటు యాసలో పిస్తోలు. మీ కథలో అది రాలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

పిల్లాడిది తేలిగ్గా తేలిపోతుంది. కోస్తాలో ఉండేలు అనండి, తెలంగాణలో గులేరు. కొన్నిచోట్ల పంగలకర్ర అంటారు, టౌన్లలో క్యాట్‌బాల్ కూడా వింటాం. వడిసెల మాత్రం రాయకండి. అది తాడు తిప్పి రాయి విసిరేది, జొన్నచేలో పిట్టల్ని తోలేది. దాంట్లో రబ్బరు ఉండదు, పచిన్ అన్న చప్పుడూ ఉండదు.

నాన్న సంగతికే కాస్త ఓపిక కావాలి.

మనలో చాలామంది ఇళ్ళల్లో ఒకప్పుడు ‘బాగాటెల్’ పలక ఉండేది గుర్తుందా? నున్నటి చెక్క మీద గుండ్రంగా కొట్టిన మేకులు, మూలన స్ప్రింగు పుల్ల, గాజు గోళీలో చిన్న ఉక్కు గుండ్లో. లాగి వదిలితే గుండు పైకెళ్ళి మేకుల మధ్య తడబడుతూ ఏదో ఒక అంకె గడిలో ఆగేది. యూరప్‌లో పుట్టిన ఆ ఆట అమెరికా మీదుగా, పిల్లల బొమ్మగా, 1920లలో జపాన్ చేరింది. అక్కడ దాన్ని ‘కొరింత్ గేమ్’ అన్నారు. స్థలం తక్కువ కాబట్టి పలకని నిలువుగా గోడకి ఆనించారు, ముందు అద్దం బిగించారు. అదే పచింకో. మీ పాఠకులకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, నిలబెట్టిన బాగాటెల్ అనుకోమనండి.

యుద్ధకాలంలో దుకాణాలన్నీ మూతపడ్డాయి. యుద్ధం అయ్యాక నగోయాలోనే మళ్ళీ ఊపిరి పోసుకుంది. మీ కథ నగోయాలో జరగడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. ఆ ఊళ్ళో ఉన్న మసమురా తకేఇచి అనే ఆయన 1940ల చివర్లో మేకుల అమరిక మార్చేశాడు. అంతకుముందు మేకులు సమదూరంలో, వరసగా ఉండేవి. ఆయన కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పల్చగా కొట్టి, మధ్యలో గుండు తగిలితే గిర్రున తిరిగే చిన్న గాలిమరలు పెట్టాడు. దాంతో గుండు తిన్నగా రాలిపోవడం మానేసి ఇటు ఊగి, అటు ఆగి, పడుతుందా పడదా అని మనిషిని పట్టి ఉంచడం మొదలుపెట్టింది. దాన్ని ‘మసమురా గేజి’ అంటారు. ఈనాటి పలకల మీద కూడా ఆ పోలిక కనిపిస్తుంది.

మా ఫ్యాక్టరీలో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన ఒక పెద్దాయన ఇంట్లో పాతకాలం చేతి యంత్రం ఒకటి ఉండేది. మీ కథ కాలం నాటిదే. దాని మీద నేను ఒక మధ్యాహ్నమంతా ఆడాను. మీకు పనికొస్తుందని చెప్తున్నాను. ఎడమచేతి బొటనవేలితో ఒక్కో గుండునీ కన్నంలోకి తోయాలి. కుడిచేతి బొటనవేలితో మీట కిందికి నొక్కి వదలాలి. గుండు అంచు పట్టాల వెంట జర్రున పైకెళ్ళి, నెత్తిన ఉన్న మేకులకి కొట్టుకుంటుంది. అక్కణ్ణుంచి ఇత్తడి మేకుల మధ్య పచి, పచి, పచి అంటూ దిగుతుంది. పలక నడుమ తులిప్ పువ్వు ఆకారంలో చిన్న రేకులు రెండు ఉంటాయి, 1960 నుంచీ వచ్చిన ఏర్పాటది. గుండు అందులో పడిందంటే రేకులు విచ్చుకుంటాయి, తర్వాతి గుండు పడటం తేలికవుతుంది. లోపల గంట ‘చిన్’ అని మోగి, కింది పళ్ళెంలోకి గుండ్లు ‘జరజరా’ అని దొర్లివస్తాయి. ‘చిన్‌జరా’ అంటే చాలు, ఆ తరం జపనీయులకి పచింకో కళ్ళముందు నిలబడుతుంది. మీ కథలో ఆ మాట గనక ఉంటే ‘ణంగ్‌మని గంట, జలజలా గుండ్లు’ అని రాయొచ్చు.

పెద్దాయన నా చేత ఆడించే ముందు కిందుగా, పలక మధ్యలో ఉన్న ఒక కన్నం చూపించాడు. దాని పేరు ‘హెసో’, అంటే బొడ్డు. దాని నెత్తిన జంటగా రెండు మేకులుంటాయి. వాటిని ‘ఇనొచి-కుగి’ అంటారు, ప్రాణపు మేకులు అని. గుండు అడ్డుకొలత 11 మిల్లీమీటర్లు, బరువు 5 గ్రాముల పైచిలుకు. ఆ రెండు మేకుల మధ్య సందు దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ. ఆయన వేలిగోరు ఆ సందులో పెట్టి, ‘ఇక్కడే ఇల్లు నిలబడుతుంది, ఇక్కడే కూలుతుంది’ అన్నాడు. రాత్రి దుకాణం మూశాక చిన్న సుత్తితో ఆ మేకుల్ని అణువంత ఇటో అటో వంచే పనివాళ్ళుండేవాళ్ళు, వాళ్ళని ‘కుగిషి’ అనేవాళ్ళు. ఇప్పుడు అనుమతి లేకుండా మేకు వంచితే చట్టవిరుద్ధం.

కాబట్టి మీ అనువాదంలో రంగుల తెర, మూడు ఏడులు, మెరిసే దీపాలు రానివ్వకండి. మీ చిత్తుప్రతిలో ‘తెర మీద అంకెలు తిరుగుతున్నాయి’ అన్న వాక్యం ఒకటి చూశాను, మూలంలో అది ఉండే అవకాశం లేదు. అంకెల చక్రాలతో వచ్చిన ‘ఫీవర్’ యంత్రం 1980 నాటిది. బొటనవేలితో పని లేకుండా కరెంటు పిడి తిప్పితే చాలన్నది 1970లలో వచ్చింది. మీ కథలో నాన్న బొటనవేలు కాయకాచి ఉందని రచయిత రాస్తే, అది ఫ్యాక్టరీ పని వల్ల అని మీరు అనుకున్నారు. కాదు, మీట నొక్కీ నొక్కీ. ఆ ఒక్క వివరంతో నాన్న ఎన్నాళ్ళుగా ఆడుతున్నాడో రచయిత చెప్పేశారు.

ఇక ‘జూదం’ అనొచ్చా అన్న ప్రశ్న. నా అభిప్రాయం: కథ చెప్పే గొంతులో అనకండి. అమ్మ నోట అనిపించండి.

కారణం చెప్తాను. జపాన్ శిక్షాస్మృతి ప్రకారం జూదం నేరం. పచింకో మాత్రం 1948 నాటి వేరే చట్టం కిందికి వస్తుంది. దాని లెక్కన అది ‘యూగి’, అంటే ఆట. గుండ్లు మనం కొనం, అద్దెకు తీసుకుంటాం. మీ కథ కాలంలో గుండుకి 2 యెన్లు, తర్వాత 4 యెన్లయింది. గెలిచిన గుండ్లు తిరిగిస్తే సిగరెట్లు, చాక్లెట్లు, డబ్బా ఆహారం లాంటి బహుమతులిస్తారు. డబ్బు ఇవ్వకూడదు. నాన్న చాక్లెట్ తెచ్చింది అందుకే. చిల్లర గుండ్లు మిగిలితే ఇంట్లో పిల్లలకి చాక్లెట్ పట్టుకెళ్ళడం అక్కడ మామూలు.

మరి సందులో కిటికీ? అక్కడే ఉంది కిటుకంతా. గుండ్లకి బదులు ‘ప్రత్యేక బహుమతి’ అని ఒక చిన్న వస్తువు ఇస్తారు. ఈ రోజుల్లో టోక్యోలో అయితే ప్లాస్టిక్ పెట్టెలో పెట్టిన గోరంత బంగారు రేకు. దాన్ని పట్టుకుని నాలుగడుగులు వేస్తే వేరే కొట్టు, మనిషి ముఖం కూడా కనిపించనంత చిన్న కిటికీ. అక్కడ దాన్ని కొనుక్కుని డబ్బిస్తారు. ఆ కొట్టు దాన్ని మూడో వ్యాపారికి అమ్ముతుంది, అతను తిరిగి పచింకో దుకాణానికి అమ్ముతాడు. ముగ్గురూ వేర్వేరు, ఎవరూ జూదం ఆడించలేదు. దీన్ని ‘మూడు కొట్ల పద్ధతి’ అంటారు. అంతకుముందు దుకాణం బయట కాచుకుని బహుమతులు కొనే పని రౌడీమూకల చేతిలో ఉండేది. 1961లో ఒసాకాలో ఆ పని వాళ్ళ చేతిలోంచి తీసి, భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళకీ వికలాంగులకీ ఉపాధిగా అప్పజెప్పారు. మీ కథలో కిటికీ వెనక ‘చేయి మాత్రమే కనిపించే ముసలావిడ’ ఎవరో మీకు తెలియలేదన్నారు. నేనైతే ఆవిణ్ణి ఆ విధవరాళ్ళలో ఒకరిగానే చదువుకుంటాను. నాన్న ఆ కిటికీ ముందు తల వంచి నిలబడతాడని రాశారు రచయిత. ఆ తల వంపుని దయచేసి వదిలేయకండి.

ఆటకీ జూదానికీ మధ్య ఈ గీత మనకి మాత్రం కొత్తదా? సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ఉన్న ఆట అన్నది. ఆ తర్వాత ఎంత వాదన నడిచిందో తెలిసిందే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించాయి. జపాన్‌లో 2018లో వ్యసనాల మీద ఒక చట్టం వచ్చింది. దాని పేరు చూడండి: ‘జూదం వగైరా వ్యసనాల’ చట్టం. ఆ ‘వగైరా’ అన్న మాట పచింకో కోసం పెట్టిందే. జూదమని ఒప్పుకోలేరు, వదిలెయ్యనూ లేరు. ఎందుకంటే వ్యసనం నిజం. వేసవిలో కార్లో పసిపిల్లల్ని వదిలేసి లోపల ఆటలో మునిగిపోయిన తల్లిదండ్రుల వార్తలు అక్కడ ఉన్నన్నాళ్ళూ చదివాను. ఇప్పుడు దుకాణాలవాళ్ళే పార్కింగ్‌లో తిరిగి కార్లలోకి తొంగిచూస్తారు. ఒక వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. 1990ల మధ్యలో 18 వేల పైచిలుకు ఉన్న దుకాణాలు ఇప్పుడు 7 వేల లోపుకి వచ్చాయి. ఆట తగ్గుముఖం పట్టింది గానీ, బాధ పడ్డ ఇళ్ళకి ఆ లెక్క ఊరట కాదు.

కాబట్టి కథకుడు ‘పచింకో’ అనాలి, అమ్మ ‘మళ్ళీ ఆ జూదానికేనా’ అనాలి. ఆ రెండు మాటల మధ్యనే ఆ కుటుంబం ఉంది. ‘గుండాట’, ‘లోనాబయటా’ లాంటి మన తిరునాళ్ళ మాటలు పెడదామా అని అడిగారు. వద్దండీ. మన గుండాటలో చుట్టూ జనం, ఎదురుగా ఆడించేవాడు, అరుపులు. పచింకోలో పక్కపక్కనే వందమంది ఉన్నా ఎవడి యంత్రం ముందు వాడు ఒంటరి. నాన్న ఆ ఒంటరితనం కోసమే వెళ్తున్నాడని మీ కథ రెండో పేజీలోనే తెలుస్తోంది.

క్రియ గురించి ఒక మాట. జపనీస్‌లో పచింకో ‘ఆడరు’, ‘ఉత్సు’ అంటారు, అంటే కొట్టడం. మనం గోళీ కొట్టినట్టు. అయినా తెలుగులో ‘పచింకో కొట్టాడు’ అంటే బహుమతి కొట్టాడని అర్థమయ్యే ప్రమాదం ఉంది. ‘పచింకో ఆడాడు’ అనే రాయండి.

వర్ణక్రమం మీద మీరు పెట్టిన నాలుగు రూపాల్లో ‘పాచింకో’, ‘పచ్చింకో’, ‘పచిన్కో’ మూడూ కొట్టేయండి. జపనీస్‌లో ఆ మాట ప-చి-న్-కొ అని నాలుగు సమానమైన దెబ్బలు. మొదటి అక్షరం పొట్టిదే, చ ఒత్తు లేదు. ‘క’ ముందు వచ్చే ఆ ముక్కు ధ్వని మన సున్న పలికినట్టే పలుకుతుంది, ‘వంకాయ’లో లాగా. అందువల్ల సున్నే సరైనది. నిజానికి చివరి అక్షరం కూడా పొట్టిది, పచింకొ. మన లిపికి ఆ పొట్టి ‘ఒ’ ఉంది కాబట్టి అలా రాయడానికి చేయి లాగుతుంది. కానీ మన మాటలు పొట్టి ‘ఒ’తో ముగియవు, చదివేవాళ్ళకి అచ్చుతప్పులా కనిపిస్తుంది, విభక్తి తగిలించినా ఇబ్బందే. ‘పచింకోకి’, ‘పచింకోలో’ హాయిగా నడుస్తాయి. పచింకో అని స్థిరపరచండి.

ఇప్పుడు మీరు ఆగిపోయిన చివరి వాక్యం. ఇంటి గుమ్మంలో నాన్న జేబులోంచి జారిన ‘పచింకో-దమ’ని, అంటే ఆ ఆట గుండుని, కుర్రాడు తన ‘పచింకో’లో పెట్టి లాగుతాడు. ఆ గుండ్ల మీద దుకాణం గుర్తు చెక్కి ఉంటుంది, బయటికి తేకూడదు. నాన్న తెచ్చాడు. జపనీస్‌లో ఒకే మాట రెండుసార్లు మోగి తండ్రినీ కొడుకునీ కలిపేస్తుంది. తెలుగులో ‘పచింకో గుండుని ఉండేలులో పెట్టాడు’ అంటే అర్థం దక్కుతుంది, మోత పోతుంది. మీ బాధ అదే కదా.

నేను ఇప్పటిదాకా గుండు అంటూ వచ్చాను. మీరు కథ మొదటినుంచీ దాన్ని ‘ఉండ’ అని చూడండి. ఉక్కు ఉండలు, అద్దె ఉండలు, పళ్ళెం నిండా ఉండలు. ఉండేలు అన్న మాట పుట్టిందే ఉండ, విల్లు కలిసి. మట్టి ఉండలు విసిరే విల్లు అది. జపనీస్ చప్పుడుతో కలిపిన రెండింటినీ తెలుగు ఆ ఉండతో కలుపుతుంది. అప్పుడు వాక్యం ఇలా రావచ్చు: ‘నాన్న జేబులోంచి జారిన పచింకో ఉండని వాడు తన ఉండేలులో పెట్టి చెవిదాకా లాగాడు.’ మీరు తెలంగాణ మాటలో రాస్తున్నట్టయితే ఉండేలు వద్దు, గోలీ, గులేరు చెవికి చక్కగా కలుస్తాయి: ‘నాయిన కీసలకెల్లి జారిన పచింకో గోలీని గులేరుల పెట్టి గుంజిండు.’ రెండూ పైకి చదివి చూసుకోండి. మీ కుర్రాడు ఏ ఊరి తెలుగు మాట్లాడుతున్నాడో మొదటి పేజీలోనే తేల్చుకుంటే, చివరి వాక్యం దానంతటదే ఎంపికైపోతుంది.